మార్కులకు కాదు, ఆగిపోతున్న చదువుకు

జూన్, జూలై నెలలు వచ్చాయంటే మన పట్టణాల్లోనూ పెద్ద పల్లెల్లోనూ ట్రస్టుల సభలు మొదలవుతాయి. కల్యాణ మండపంలో వేదిక, వెనక దాతల ఫొటోలతో ఫ్లెక్సీ, ముందు వరుసలో పదో తరగతిలోనూ ఇంటర్‌లోనూ ఊరికి పేరు తెచ్చిన పిల్లలు. ఒక్కొక్కరినీ పిలిచి శాలువా కప్పి, మెమెంటో, చెక్కు చేతికిస్తారు. ఈ సభలు జరిపేవాళ్లలో చాలామంది మంచి మనసుతో కష్టార్జితం తీసి ఇస్తున్నవాళ్లే. వాళ్ల ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. వాళ్లు నమ్ముకున్న సూత్రాన్ని ఖండిస్తున్నాను. ‘సాయం అర్హులకే అందాలి, అర్హతకు కొలమానం మార్కులే’ అన్నది ఆ సూత్రం. అది తప్పు. ఒక ఊరి కోసం, ఒక ప్రాంతం కోసం పెట్టిన ట్రస్టు విషయంలో మరీ తప్పు.

పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పేదింటి పిల్లకు ఈరోజు ఎన్ని దారులున్నాయో చూడండి. 2008లో మొదలైన నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులను బట్టే సీట్లిస్తారు. గురుకుల జూనియర్ కళాశాలలు ఉన్నాయి. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాసి ఎంపికైతే, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల చొప్పున కేంద్రం ఉపకార వేతనం ఇస్తుంది. ఇక కార్పొరేట్ కాలేజీలైతే మార్కులొచ్చిన పిల్లల ఇళ్లకు తామే మనుషుల్ని పంపి, ఫీజు తగ్గించి మరీ చేర్చుకుంటాయి. ఆ పిల్లల ర్యాంకులు వాటికి రేపటి ప్రకటనల్లో కావాలి. ఇంతమంది పిలిచి చేయూతనిచ్చే విద్యార్థికి మన ట్రస్టు ఇచ్చే పదివేలు సంతోషాన్నిస్తాయి, కాదనను. కానీ అవి ఇవ్వకపోయినా ఆ చదువు ఆగదు.

అదే వీధిలో మరో ఇంట్లో, పదో తరగతి లెక్కల్లో తప్పిన అమ్మాయి ఉంటుంది. వేసవి మొదట్లో ఫలితాలు వస్తాయి, బడులు తెరిచే వేళకు సప్లిమెంటరీ అయిపోతుంది. మధ్యలో ఉన్నవి కొన్ని వారాలే. ఆ కొద్ది రోజుల్లోనే ఆమె చదువు ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది. పరీక్ష ఫీజు పెద్దదేమీ కాదు. ఒక్క సబ్జెక్టుకు నెలరోజుల ట్యూషన్, రానుపోను ఆటో చార్జీలు, పాత ప్రశ్నపత్రాల పుస్తకం కావాలి. అన్నీ కలిపినా వేదిక మీద ఇచ్చే చెక్కులో సగం కాదు. ఆ డబ్బు సర్దలేని ఇంట్లో ‘తప్పింది కదా, ఇక చాల్లే’ అన్న మాట వస్తుంది. ఆ వెనకే సంబంధాలు చూడటం మొదలవుతుంది. మగపిల్లాడైతే సెంట్రింగు పనికి పోతాడు, లేదా ఎవరో ఒకరి వెంట హైదరాబాద్ బస్సెక్కుతాడు. జూలైలో సభ జరిగేనాటికి వాళ్లు విద్యార్థులే కారు. వాళ్ల గురించి ఆ వేదిక మీద ఎవరూ మాట్లాడరు. నిజానికి ఆ ట్రస్టు ఎవరికోసమని పెట్టారో వాళ్లే వీళ్లు.

మన పెద్దలు ధర్మం చేసిన తీరు ఇలా లేదు. వారాలు చేసుకుని చదువుకున్న తరాలు మనకున్నాయి. వారానికో పూట అన్నం పెట్టిన ఇల్లాలు ఆ పిల్లాడికి క్లాసులో ఎన్నో స్థానమని అడగలేదు. 1918లో రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ వెలిసింది. సురవరం ప్రతాపరెడ్డి వంటివారు దాని బాధ్యతలు చూశారు. పల్లె పిల్లలకు తెలివితేటలకేం కొదవ లేదు, నగరంలో ఉండటానికి చోటూ తినడానికి తిండీ లేవు. ఆ రెండూ సమకూర్చడమే పనిగా ఆ హాస్టల్ నడిచింది. కులం పేరుతో వెలిసిన సంస్థలకుండే పరిమితి దానికీ ఉంది. అయినా చదువుకు అడ్డేమిటో చూసి దాన్ని తొలగించాలన్న దృష్టి సరైనది. కాకినాడలో రఘుపతి వేంకటరత్నం నాయుడు పిఠాపురం రాజావారి అండతో అనాథలకు, దళిత పిల్లలకు, ఆడపిల్లలకు చదువు దారి తెరిచారు. రంగూన్‌లో గడించిన ఆస్తిని మల్లాడి సత్యలింగ నాయకర్ వీలునామాతో ధర్మకార్యాలకు రాసిచ్చారు. వీళ్లెవరూ తమ సొమ్మును బహుమతిగా చూడలేదు. చట్టం చూపు కూడా అదే. ధర్మకార్యం ఏమిటో చెబుతూ 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం మొట్టమొదట పేర్కొన్నది పేదలకు సాయం. విద్య ఆ తర్వాతే వస్తుంది.

మార్కులను పట్టుకుని ఉండటానికి ట్రస్టీలు చెప్పే కారణాల్లో బలమైనది ఒకటుంది. మార్కులు అందరికీ కనిపించే అంకెలు, వాటిని వదిలేస్తే బంధుప్రీతి, సిఫార్సులు చొరబడతాయని వాళ్ల భయం. భయం నిజమైనదే. కానీ ట్యూషన్ పెట్టించగలిగిన ఇంటికీ, తెల్లవారకముందే తల్లితోపాటు మిరపకోతకు వెళ్లే పిల్లకూ ఒకే అంకె పెట్టి పోల్చడం నిష్పక్షపాతం ఎలా అవుతుంది? సిఫార్సులను ఆపేది నియమాలే. అన్ని వర్గాల వాళ్లూ ఉన్న కమిటీ, పేర్లు బయటపెట్టకుండా ఎందరికి ఎంత ఎందుకు ఇచ్చారో ఏటా ప్రకటించే లెక్క, ట్రస్టీల బంధువులకు ఇవ్వకూడదన్న నిబంధన ఉంటే చాలు.

పేదల సంగతి ప్రభుత్వం చూసుకుంటోంది, మనం ప్రతిభను ప్రోత్సహిద్దాం అంటారు మరికొందరు. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ లక్షలమందిని కాలేజీ గడప తొక్కించింది. అది గొప్ప పథకం. కానీ బకాయిలు పేరుకుపోయినప్పుడల్లా ఏమవుతోందో అందరికీ తెలుసు. ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు ఆపుతారు, చేతికొచ్చిన ఉద్యోగం పోతుంది. రీయింబర్స్‌మెంట్ బస్‌పాస్ కొనదు, జ్వరం వచ్చిన నెల మెస్ బిల్లు కట్టదు. ప్రభుత్వ సాయానికీ పిల్లాడి అవసరానికీ మధ్య ఎప్పుడూ కొంత ఖాళీ ఉంటుంది. ఊరి ట్రస్టు నిలబడాల్సింది అక్కడే.

మార్కుల షరతు లేకపోతే పిల్లలు బాధ్యత లేకుండా తయారవుతారన్న వాదనకు జవాబు సులువు. హాజరును షరతు చేయండి. రోజూ బడికి రావడం పిల్ల చేతిలో ఉంది. ప్రశ్నపత్రం, పక్కింటి ట్యూషన్, తండ్రి ఆరోగ్యం ఆమె చేతిలో లేవు.

అసలు ఊరి ట్రస్టుకున్న బలమేమిటో ఒక్కసారి ఆలోచించండి. 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ముంబైలో కూర్చున్న ఆ కంపెనీకి మీ ఊరి గురించి తెలిసేది ఆన్‌లైన్ ఫారంలో నింపిన మార్కుల శాతమే. మీకు అంతకన్నా ఎంతో తెలుసు. ఎవరి నాన్నకు పక్షవాతం వచ్చిందో, ఎవరి బోరు ఎండిపోయిందో, ఏ పిల్ల పది రోజులుగా బడికి రావడంలేదో తెలుసు. తెలిసీ మీరు కూడా మార్కుల జాబితానే పట్టుకుంటే, డబ్బుతో కొనలేని ఆ ఎరుకను చేజేతులా పారేసుకున్నట్టే. అమెరికా నుంచి సొంతూరికి డబ్బు పంపే మనవాళ్లకూ ఇదే మనవి. వాట్సాప్‌లో వచ్చే సభ ఫొటో అడగకండి. ఈ ఏడాది ఎన్ని చదువులు ఆగకుండా నిలిచాయో అడగండి.

దరఖాస్తుల తంతూ మారాలి. ఆదాయ ధ్రువీకరణ, కుల ధ్రువీకరణ, రేషన్ కార్డు, స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్, వీటన్నిటి మీదా గెజిటెడ్ అధికారి సంతకం. మీసేవ చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగే తల్లికి ఒక్కో కాగితానికి ఒక్కో రోజు కూలి పోతుంది. వేల రూపాయల సాయం కోసం అంత పోగొట్టుకోలేనివాళ్లు దరఖాస్తే పెట్టరు. నిజంగా అవసరమున్నవాళ్లు మొదటి గడపలోనే వెనుదిరిగే ఏర్పాటిది. రెండు వాక్యాల దరఖాస్తు, దాని మీద ప్రధానోపాధ్యాయుడి సంతకం, ఊళ్లోని ఆశా కార్యకర్తో పొదుపు సంఘం లీడరో చెప్పే మాట సరిపోతాయి.

ర్యాంకు తెచ్చుకున్న పిల్లల్ని మెచ్చుకోవద్దని నేననడం లేదు. పుస్తకమిచ్చి, చప్పట్లు కొట్టి పంపండి. దానికి ఖర్చు తక్కువ. ట్రస్టు నిధిలో కనీసం సగం మాత్రం ఏ మార్కుల గీతా లేకుండా కేటాయించండి. ఆ డబ్బు ఏడాదికోసారి వేదిక మీద కాక, అవసరం పడిన వారంలోనే అందాలి: సప్లిమెంటరీకి ముందు, హాస్టల్ బకాయి గడువుకు ముందు, సర్టిఫికెట్ ఆగిన రోజున. శాలువా వద్దు, ఫొటో వద్దు. సాయం తీసుకున్న పిల్ల మర్నాడు క్లాసులో తలెత్తుకుని కూర్చోగలగాలి. ఏడాది చివర లెక్క చూసేటప్పుడు మీ ప్రశ్న ఒక్కటే కావాలి: మన డబ్బు లేకపోతే మానేసి ఉండేవాళ్లలో ఎందరు ఇవాళ చదువుకుంటున్నారు? ఈ ఏడాది ట్రస్టీల సమావేశంలోనే ఆ ప్రశ్నను నిబంధనల్లో రాసుకోండి. వచ్చే మార్చి పరీక్షలకు ముందే దాన్ని అమల్లో పెట్టండి.