రిపోర్టులో ‘కనబడలేదు’ అంటే ఒంట్లో లేదని కాదు

ఏఆర్‌టీ సెంటర్ రిజిస్టర్లో ఒక మాట ఉంటుంది: ‘లాస్ట్ టు ఫాలో అప్’. మందులకు రావడం మానేసిన మనిషి అని అర్థం. ఎందుకు రాలేదో చాలాసార్లు ఎవరూ రాయరు. వాగు పొంగిందా, బస్సు రాలేదా, ఆ రోజు కూలి పోతే ఇంట్లో పొయ్యి వెలగదా? ఆర్నెల్ల తర్వాత ఆ మనిషి జ్వరంతో మంచమెక్కితే మాత్రం “మందులు వాడలేదు కదా, అనుభవించాల్సిందే” అనేస్తారు. ఆ మాట అనేముందు హెచ్‌ఐవీ ఒంట్లో ఎట్లా దాక్కుంటుందో తెలుసుకుంటే బాగుంటుంది.

మన రక్తంలో సీడీ4 అనే రక్షణ కణాలుంటాయి. హెచ్‌ఐవీ వాటిలోకి దూరి, తన జన్యు పదార్థాన్ని డీఎన్‌ఏగా మార్చుకుని, ఆ కణం డీఎన్‌ఏలోనే అతికించేస్తుంది. వైరస్ సోకిన కణాలు చాలావరకు కొద్ది రోజుల్లోనే చచ్చిపోతాయి. కొన్ని మాత్రం నిద్రలోకి జారుకుంటాయి. వీటిని జ్ఞాపక కణాలంటారు. ఒకసారి చూసిన రోగాన్ని ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకోవడమే వీటి పని. మనల్ని కాపాడటానికి అన్నేళ్లు బతికే కణంలోనే వైరస్ కూడా పడుకుంటుంది. అది నిద్రలో ఉన్నంతకాలం ఒంటి రక్షణ వ్యవస్థ దాన్ని గుర్తుపట్టలేదు.

మరి మందులు ఏం చేస్తున్నట్టు? ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్న ఒకే మాత్రలో మూడు మందులుంటాయి. టెనోఫోవిర్, లామివుడిన్ వైరస్‌ను డీఎన్‌ఏగా మారనివ్వవు. డోలుటెగ్రావిర్ దాన్ని కణంలో అతుక్కోనివ్వదు. అంటే కొత్త కణాలకు సోకకుండా ఆపుతాయి. ఇప్పటికే అతుక్కున్నదాన్ని పీకే మందు ఈ మూడింటిలో లేదు. పొలంలో తుంగ లాగన్నమాట. పైన ఎంత కోసినా గడ్డ మట్టిలోనే ఉంటుంది, నాలుగు చినుకులు పడితే మళ్లీ లేస్తుంది.

1997లో అమెరికాలో మూడు పరిశోధక బృందాలు ఈ సంగతి బయటపెట్టాయి. నిద్రలో ఉన్న పది లక్షల సీడీ4 కణాల్లో మళ్లీ లేవగల వైరస్ ఉన్నది సుమారు ఒక్కదాంట్లోనే. అంతే కదా అనిపిస్తుంది. కానీ ఆ నిల్వ సగానికి తగ్గడానికే దాదాపు 44 నెలలు పడుతుందని లెక్క తేలింది. ఆ లెక్కన పూర్తిగా పోవాలంటే అరవై డెబ్బై ఏళ్లు మందు మింగాలి. పైగా ఆ కణాలు తమంతట తామే రెండుగా చీలుతుంటాయి, చీలిన ప్రతిసారీ లోపలున్న వైరస్ కాపీ కూడా రెండవుతుంది. దీనికి మందులు అడ్డుపడలేవు.

మోసం జరిగేది ఇక్కడే. మందులు బాగా పనిచేస్తే వైరల్ లోడ్ రిపోర్టులో వైరస్ ‘కనబడలేదు’ అని వస్తుంది. అది నిజంగా మంచి వార్త. అట్లా నిలకడగా ఉన్నంతకాలం లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి వైరస్ సోకదు. ఈ మాట ఊరూరా గట్టిగా చెప్పాలి, వెలివేతకు ఇంతకంటే మంచి జవాబు లేదు. కానీ అదే కాగితం పట్టుకుని “మా పసరుతోనే పోయింది, ఇక మాత్రలు మానెయ్” అనేవాళ్లూ ఉన్నారు. మానేస్తే చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లోనే వైరస్ తిరిగి లేస్తుంది.

అమెరికాలోని మిసిసిపీలో ఒక బిడ్డకు పుట్టిన 30 గంటలకే చికిత్స మొదలైంది. ఏడాదిన్నర దాటాక మందులు ఆగినా 27 నెలలు వైరస్ కనబడలేదు. నయమైపోయిందని ప్రపంచమంతా అనుకుంది. 2014లో మళ్లీ కనబడింది. మధ్యమధ్యలో మందులు ఆపి చూద్దామని పెద్దవాళ్లపై చేసిన ‘స్మార్ట్’ అనే పెద్ద పరీక్షను 2006లో అర్ధంతరంగా ఆపేయాల్సి వచ్చింది. మందులు ఆపినవాళ్లలో జబ్బులూ చావులూ ఎక్కువయ్యాయి మరి.

కాబట్టి ఈ రోగానికి మందు అంటే ఆ మాత్ర ఒక్కటే కాదు. ఆ మాత్ర ఏ రోజూ ఆగకుండా చేతికి అందడం కూడా మందే. సైన్సు ఇంత స్పష్టంగా చెబుతుంటే, మన చట్టం మాత్రం నీళ్లు నమిలింది. 2017 హెచ్‌ఐవీ చట్టంలో ప్రభుత్వం చికిత్స అందించేది ‘సాధ్యమైనంత వరకు’ అని రాసుకున్నారు. ఆ మాట తీసెయ్యమని బాధితులు అప్పుడే మొత్తుకున్నారు. 2022లో మందుల కొరత వచ్చి వాళ్లే ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఆఫీసు ముందు వారాల తరబడి కూర్చోవాల్సి వచ్చింది. రాజధానిలోనే ఆ గతైతే, కొండమీద గూడెం సంగతి వేరే చెప్పాలా!

వానాకాలం రాకముందే మారుమూల డిపోలకు రేషన్ బియ్యం చేర్చడం ఈ ప్రభుత్వాలకు తెలుసు. మందులూ అట్లాగే చేర్చొచ్చు. నిలకడగా ఉన్నవాళ్లకు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వాలి. వైరల్ లోడ్ రక్తం తీయడం పీహెచ్‌సీలోనే జరగాలి, దారి ఖర్చు ముందే చేతికివ్వాలి. ఒక్క జాగ్రత్త: అందరూ దగ్గరి పీహెచ్‌సీనే కోరుకోరు. తెలిసినవాళ్ల కళ్లలో పడతామని దూరం పోయేవాళ్లూ ఉన్నారు. మాత్రలు ఎక్కడ తీసుకోవాలో వాళ్లే చెప్పాలి, ఆఫీసరు కాదు. ఇక ఆ రిజిస్టర్లో ‘ఎందుకు రాలేదు’ అని రాసే గడి కూడా ఒకటి పెట్టండి. ఆ గడి నిండాక జిల్లా మీటింగులో చదివి వినిపించండి.