బంక్ టికెట్టు మీద అండమాన్: మన టూర్ గురించి ఒక మాట

ప్రతి ఏడు చలికాలం రాగానే మన కాలేజీలో టూర్ మాట వస్తుంది. నోటీసు బోర్డు మీద కాగితం పడుతుంది. ఒకసారి ఊటీ, ఇంకోసారి గోవా. లగ్జరీ బస్సు, హోటలు, భోజనం అన్నీ కలిపి ఒక అంకె వేస్తారు. ఆ అంకె చూసి క్లాసులో సగం మంది "మా ఇంట్ల పెండ్లి ఉన్నది", "నాకు బస్సు పడది" అని తప్పుకుంటారు. పెండ్లీ ఉండదు, గిండ్లీ ఉండదు. పైసలు లేవని పదిమందిలో చెప్పడానికి నామోషీ, అంతే! నేనూ రెండేండ్లు అట్లనే చెప్పిన.

మూడో ఏడు మాత్రం మేం ముగ్గురం కలిసి మొండిగా ఒక పని చేసినం. దసరా సెలవుల్లో పోలేపల్లి సెజ్‌లో ప్యాకింగ్ పనికి పోయి, వచ్చిన జీతం ఖర్చు పెట్టకుండా దాచి, జనవరిలో అండమాన్ దీవులకు పోయి వచ్చినం. పన్నెండు రోజులు. తిండితో సహా మనిషికి పదిహేను వేల లోపే అయింది. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. జడ్చర్ల నుంచి సముద్రం మధ్యన ఉన్న ఊరికి పోవడం మనబోటివాళ్లకు సాధ్యమేనని, మన యూనియన్ ఆ సంగతి ఆలోచించాలని చెప్పడానికే ఈ వ్యాసం.

మా ఇంట్లో ప్రయాణమంటే మూటా ముల్లే, గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా ఊరికే రాలేదు. మా తాత డ్యాముల కాడ మట్టి మోసిండు, మా నాయన పూణే, ముంబై తిరిగిండు. ఇన్ని ఊర్లు పోయిన మనిషిని "ఏం చూసినవు నాయనా?" అని అడిగితే "ఏం చూస్తం? పని చూసినం" అన్నడు. నేను అండమాన్ పోతానంటే మా అమ్మ అడిగిన మొదటి మాట "ఆడ కూలి ఎంతిస్తరు?" అని. ఉత్తగ చూసి రావడానికి పోతున్నానంటే ఆమెకు చాలాసేపు అర్థం కాలేదు.

ఇక దారి సంగతి. పోర్ట్ బ్లెయిర్‌కు – 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గాని మాకు ఎక్కువగా వినబడ్డది పాత పేరే – విమానాలు ఉన్నాయి. వాటి జోలికి పోవద్దు. చెన్నై, కలకత్తా, విశాఖపట్నం రేవుల నుంచి సర్కారు ఓడలు నడుస్తాయి. విశాఖ నుంచి దాదాపు 1,200 కిలోమీటర్లు, సుమారు 56 గంటల ప్రయాణం. కాని అక్కడి నుంచి ఓడలు బహు అరుదు. చెన్నై నుంచే ఎక్కువ. మనకు అదే సులువు కూడాను, కాచిగూడ నుంచి చెన్నై వైపు పోయే రైలు మన మహబూబ్‌నగర్ మీదుగానే పోతుంది. ఓడలో అన్నిటికంటె తక్కువ తరగతి బంక్. ఒక పెద్ద హాలులో మెట్లు మెట్లుగా పడకలు. దుప్పటి, చెంబు, గ్లాసు, మరచెంబుతో నీళ్లు మనమే తీసుకుపోవాలి. గుర్తింపు కార్డు మరవొద్దు.

ఓడ చెప్పిన రోజున కదులుతుందన్న భరోసా లేదు. మాకు చెన్నైలో రెండు రోజులు అట్లనే పోయినయి. వచ్చే వారం పరీక్షలున్నవాళ్లు ఈ దారి పట్టొద్దని ముందే చెప్తున్నా. మొదటి రాత్రి వాంతులు తప్పవు. కింద పడుకుంటే ఇంకా ఎక్కువ. డెక్ మీదికి వచ్చి గాలికి నిలబడి, నిమ్మకాయ వాసన చూస్తూ దూరంగా నీటి అంచు మీద చూపు పెడితే కొంత నయం. రెండో రోజుకు శరీరమే సర్దుకుంటుంది.

మా పక్క పడకల మీద ఒక శ్రీకాకుళం కుటుంబం ఉండె. ఆ పెద్దమ్మది సోంపేట దగ్గర పల్లె. పెండ్లయిన కాడ నుంచి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంటుందట. "ఏటి బాబూ, పనికా?" అని అడిగింది. లేదమ్మా, చూడ్డానికి అన్నాం. "చూడ్డానికా! సముద్దరం మా సోంపేటలో నేదా ఏటి?" అని ఒకటే నవ్వు. తర్వాత ఆమే మాకు చేపల పులుసన్నం పెట్టింది, ఏ బజారులో ఏది చౌకో చెప్పింది. విమానం టికెట్టు కొనుంటే ఈ మాటలు మాకు దొరికేవా? అండమాన్‌లో తెలుగువాళ్లు ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి బతుకుదెరువుకు పోయినవాళ్లే. 2011 జనాభా లెక్కల్లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత తెలుగే. తెలుగు మీడియం చదువు కూడా ఉంది. కాబట్టి భాష రాదన్న భయం అక్కర్లేదు.

ఊర్లో అబర్డీన్ బజారు చుట్టుపక్కల ముగ్గురు ఒకే గది తీసుకోండి. మెస్సు భోజనం తినండి, బస్సులో తిరగండి. ఆటో ఎక్కితే లెక్క తప్పుతుంది. ఇంకొక సంగతి ఏమంటే అక్కడ పొద్దు తొందరగా పుడుతుంది, తొందరగా కుంగుతుంది. గడియారం మనదే, దేశం మాత్రం ఎంతో తూర్పున! జనవరిలో సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడుతుంది. ఎనిమిదింటికి లేచి టిఫిన్ చేసి బయలుదేరేవాళ్లకు సగం రోజు నష్టం.

స్వరాజ్ ద్వీప్‌కు – పాత పేరు హేవ్‌లాక్ – ఫీనిక్స్ బే జెట్టీ నుంచి సర్కారు పడవలు ఉన్నాయి. ప్రైవేటు పడవలు తొందరగా పోతాయి గాని టికెట్టు ఎన్నో రెట్లు. సర్కారు పడవకు క్యూ తప్పదు, స్థానికులకే ముందు ఇస్తారు. ఇవ్వాలి కూడా. అది వాళ్ల ఎర్రబస్సు, మనం చుట్టాలం. అక్కడి రాధానగర్ ఒడ్డున ఇసుక మీద కూర్చోవడానికి పైసా అక్కర్లేదు. గవ్వలు, పగడాలు మాత్రం ఏరి జేబులో వేసుకోవద్దు, చట్టం ఒప్పదు. జారవాల అడవి గుండా పోయే బస్సు యాత్ర ఉంది. మేం పోలేదు. మనుషుల్ని కిటికీలోంచి చూడ్డానికి డబ్బు కట్టడం నాకు మనస్కరించలేదు.

లాడ్జిలో నీళ్ల సంగతి చెప్పకుండా ఉండలేను. ఏడాదికి మన జిల్లా కంటె నాలుగైదు రెట్లు వాన పడే ఊరు అది. అయినా ఎండాకాలం వస్తే నల్లా నీళ్లకు కటకటే! ధనిఖారి డ్యాం నీళ్లే ఊరికి ఆధారం. లాడ్జి యజమాని బకెట్లు లెక్కపెట్టి ఇస్తానంటే ఉత్తరాది యాత్రికులు పోట్లాడుతున్నారు. మేం ముగ్గురం ఒక్క బకెట్‌తో స్నానాలు ముగించి వస్తే ఆయన ఆశ్చర్యపోయిండు. పాలమూరోళ్లం, ఈ విద్యలో మాకెవడు పోటీ?

సెల్యులార్ జైలుకు మొత్తం ఒక పూట పెట్టుకోండి. 1896 నుంచి 1906 వరకు కట్టినారు. ఏడు రెక్కల్లో మూడే మిగిలినయి. 1979లో జాతీయ స్మారకం చేసినారు. జైలు కట్టకముందే, 1857లో హైదరాబాదు రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడి చేసిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను ఈ దీవులకే పంపినారు. ఆయన ఇక్కడే కన్నుమూసిండు. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర మాత్రం ఈ ద్వీపాంతర శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో లోక్‌సభకు గెలిచిండు. ఒక కొట్టులో నిలబడి చేతులు చాపి చూసిన. ఈ గోడల మధ్యకు మనుషుల్ని ఊరికే తెచ్చి పడేసినారు, రానుపోను ఖర్చు లేకుండా... ఆ పూట మా ముగ్గురికీ మాటలు రాలేదు.

ఇప్పుడు యూనియన్ మిత్రులకు నా మనవి. టూర్ అంకె డిసెంబరులో బోర్డు మీద పెడితే కట్టగలిగినవాళ్లే కడతారు. జులైలో చెప్పండి. నెలనెలా కొంత జమ చేయనివ్వండి. పత్తి ఏరేవాళ్లు, గంజిలో హమాలీ చేసేవాళ్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు తమ చేతనైనంత కడతారు. మూడునెలలు పోస్ట్ ఆఫీసులో ఉంటే డబ్బు ఎటూ పారిపోదు. "ఆడపిల్లలను ఇంట్లో పంపరు" అని కొందరు ఇప్పుడే అంటున్నారు. ఊటీకి పంపిన తల్లిదండ్రులు ఓడకు పంపరా? ఇద్దరు లెక్చరర్ మేడమ్‌లు వెంట వస్తే మా చెల్లెను మొదట నేనే పంపుతా. ఓడలో యాభై ఆరు గంటలు వృథా అనేవాళ్లకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. వాళ్లు గోవాకే పోవచ్చు.

మా లెక్కల నోటుబుక్కు నా దగ్గరే ఉంది. రైలు, ఓడ, గది, చాయ్ దాకా రోజువారీగా రాసినం. కావలసినవాళ్లు అడిగి తీసుకోండి. చివరి రెండు పేజీల మీద ఉప్పునీళ్లు పడి అంకెలు చెరిగినయి. అవి నోటితో చెప్తా.