రాయిని చదివి బోరు వేద్దాం

చమురు బావి తవ్వే కంపెనీకీ, చేనులో బోరు వేసే రైతుకూ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: లోపల ఏ రాతిలో సందు ఉంది? కంపెనీ రాయిని చదివి తవ్విస్తుంది. మన రైతు కొబ్బరికాయను నమ్మి తవ్విస్తాడు. ఈ తేడా పోవాలన్నదే నా వాదన.

డోలమైట్ సంగతే చూడండి. మెగ్నీషియం ఉన్న నీళ్ళు సున్నపురాయిలో పారి, కొంత కాల్షియాన్ని తోసేసి ఆ చోట మెగ్నీషియాన్ని నింపితే అది డోలమైట్ అవుతుంది. బయటి కార్బనేట్ వచ్చి చేరకపోతే, లెక్క ప్రకారం ఈ మార్పులో రాతి పరిమాణం 12–13 శాతం తగ్గుతుంది. ఆ ఖాళీల్లో చమురు, గ్యాసు నిలుస్తాయి. అయితే డోలమైట్ మితిమీరి పెరిగితే ఉన్న సందులూ పూడిపోతాయి. అందుకే ఏ నీళ్ళు, ఏ దారిన వచ్చాయో శాస్త్రజ్ఞులు ఆరా తీస్తారు.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1957లో ఫెర్న్ హౌస్‌మన్ అనే రైతు మహిళ భూమిలో చమురు పడింది. అక్కడ చమురుందని ఆమెకు ముందే చెప్పింది ఒక సోది చెప్పేటామె! కొబ్బరికాయ మనుషులు దీన్ని వింటే సంబరపడతారు. కానీ సోది చూపింది ఒక్క బావినే. ఆ ఆల్బియన్–సిపియో క్షేత్రం సుమారు 30 మైళ్ళ పొడవు, మైలు అటూ ఇటూ వెడల్పు ఉన్న సన్నని పట్టీ. చుట్టూ బిగుసుకున్న సున్నపురాయి. భూమి పగుళ్ళ వెంట నీళ్ళు ఎక్కివచ్చి డోలమైట్ చేసిన చోటనే చమురు. పగుళ్ళను ఎరిగినవాడే ఆ పట్టీ వెంట పోగలిగాడు.

మా హుస్నాబాద్ కింద ఉన్నది గ్రానైట్. డోలమైటూ లేదు, చమురూ లేదు. గోదావరి లోయలోని పాఖాల్ శిలల్లో డోలమైట్ ఉంది గానీ, సందు ఉన్నంత మాత్రాన చమురు ఉండదు. దాన్ని పుట్టించే రాయి, పైన మూతవేసే రాయి కూడా ఉండాలి. అయినా పాఠం మనకూ పనికివస్తుంది. గ్రానైట్‌లో నీళ్ళు పైనున్న మొరంలోనూ, కింది పగుళ్ళలోనూ ఉంటాయి. నేలలోకి కరెంటు పంపి నిరోధం కొలిచే పద్ధతితో వాటిని అంచనా కట్టవచ్చు. నీళ్ళు తప్పక పడతాయని కాదు, గురి తప్పేది తగ్గుతుంది.

రైతు బిడ్డలకు ఇది పరీక్షలో రాసే జవాబు మాత్రమే కాదు. నీళ్ళు పడకున్నా బోరు బండి కిరాయి కట్టాల్సిందే. ఆ అప్పు పిల్ల పెండ్లినీ, పిల్లగాని చదువునూ ఆపుతుంది.

చమురు కంపెనీ ఫెయిలైన బావిలోంచి వచ్చిన రాతిముక్కలను కూడా దాచి చదువుతుంది. మన చేన్లలో బోరు పొడి గాలికి పోతున్నది. మిత్రులారా, ప్రతి వేసవిలో మన లెక్చరర్ల వెంట ఒక్కొక్క మండలానికి పోదాం. పడిన బోర్లనూ, పడని బోర్లనూ, వాటి లోతులనూ, వచ్చిన రాళ్ళనూ పటం మీద గుర్తించి గ్రామపంచాయతీకి ఇద్దాం. విద్యార్థి సంఘం వచ్చే ఏడు చేపట్టే పనుల్లో ఇది మొదటిది కావాలి.

— బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి, హుస్నాబాద్