గంపగుత్త ఓట్లు

చదువరీ, పట్టణములో వార్డు ఎన్నికలు వచ్చినప్పుడెల్ల మన సంఘములలో రెండు మాటలు వినబడును. "మనము పరలోకపు ప్రజలము, మనకీ ఓట్ల గొడవ యెందుకు" అనునది మొదటిది. "ఈ మారు ఓటుకెంత యిచ్చుచున్నారట" అనునది రెండవది. విచిత్రమేమనగా, తరచుగా ఈ రెండును ఒకే నోటనుండి వచ్చుచుండును. రేషను కార్డు కొరకును, పింఛను కొరకును ఆఫీసు మెట్లెక్కునప్పుడు మనము ఈ లోకపువారమే. కౌన్సిలరును ఎన్నుకొనవలసిన దినమున మాత్రము పరలోకపువారమైపోవుదుము. ఇది భక్తి కాదు, సోమరితనము.

"నేను పల్లెవాడను, పట్టణపు ఎన్నికతో నాకేమి పని" అందువా? 2018లో తెలంగాణములో అనేక గ్రామములను కలిపి అరువదికి పైగా క్రొత్త మునిసిపాలిటీలు చేసిరి. రాత్రి పంచాయతీలో పండుకొన్నవారు తెల్లవారి మునిసిపాలిటీలో లేచిరి. గ్రామీణ ఉపాధి హామీ పని పల్లెలకే గాని పట్టణములకు లేదు గనుక, కూలి చేసికొని బ్రదుకువారికి ఆ మార్పు మొట్టమొదట కడుపునకే తెలిసెను. సర్పంచి అరుగుమీద తీరిన పనికి ఇప్పుడు వార్డు కౌన్సిలరు ఇల్లు వెదకికొని పోవలెను.

ఆ కౌన్సిలరు చేతిలో ఏమున్నదో ఎరుగుదువా? 1993లో అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పురపాలక సంఘములకు అప్పగింపదగిన పనులను 18గా లెక్కపెట్టి ఒక పట్టికలో చేర్చినది. త్రాగునీరు, వీధి దీపములు, మురికివాడల బాగు, జనన మరణముల లెక్క అందులోనివే. శ్మశానములు, సమాధుల స్థలములు కూడ ఆ పట్టికలోనివే. మనవారు ఎన్ని చోట్ల శవమును మోసికొని ఎక్కడ పాతిపెట్టవలెనో తెలియక నిలువబడిరో నీకు నేను చెప్పనక్కరలేదు. ఆ స్థలమునుగూర్చి కౌన్సిలులో లేచి అడుగువాడెవడని ఎన్నికల దినమున అడుగక, శవపేటిక భుజము మీదనున్న దినమున అడిగి ప్రయోజనమేమి?

ఎన్నిక జరుగు విధము కష్టమైనది కాదు. పట్టణమును వార్డులుగా విభజింతురు. వార్డునకొక కౌన్సిలరు, అయిదేండ్ల కాలము. ఓటు వేయుటకు 18 ఏండ్లు, పోటీకి నిలుచుటకు 21 ఏండ్లు నిండవలెను. దీనినంతయు జరిపించునది రాష్ట్ర ఎన్నికల సంఘము. ఆంధ్రలో 2021లో గాని తెలంగాణములో 2020లో గాని చైర్మనును ప్రజలు నేరుగా ఎన్నుకొనలేదు. గెలిచిన కౌన్సిలర్లు కూడి ఎన్నుకొనిరి. వారితోబాటు ఆ ప్రాంతపు ఎమ్మెల్యేకును ఎంపీకిని ఓటు ఉండెను. 2021 మార్చిలో కడప జిల్లా మైదుకూరులో 24 వార్డులకు ఒక పక్షము 12 గెలిచినది, మరియొకటి 11 గెలిచినది. చైర్మను పీఠము మాత్రము 11 గెలిచిన పక్షమునకు దక్కెను! పులివెందుల, పుంగనూరు, మాచర్ల, పిడుగురాళ్ల పట్టణములలోనైతే ఆ సంవత్సరము ఒక్క వార్డులోనైనను పోలింగు జరుగలేదు, అన్నియు ఏకగ్రీవములే. నాలుగు పట్టణములలో వీధి వీధికి భేదాభిప్రాయము లేని మనుష్యులే కాపురముండిరని నమ్మువారు నమ్ముదురు గాక.

ఇంతకును చిన్న పట్టణపు వార్డులో ఓటర్లు సాధారణముగా వేయిమంది, రెండువేలమంది. పది ఇరువది ఓట్లతో గెలుపోటములు మారును. ఇద్దరికి సరిసమానముగా వచ్చినయెడల చీటీ వేసి తేల్చుదురు. నీ ఓటునకు ధర పలుకుటకు కారణమిదే. ఎవరికి పని లేని వస్తువును ఎవడును కొనడు.

ఇక ఆ ధర చూడుము. వేయి రూపాయలిచ్చిరనుకొనుము. అయిదేండ్లనగా 1826 దినములు. భాగించి చూచిన దినమునకు ఏబదియైదు పైసలైనను లేదు. దానికే ఏశావు జ్యేష్ఠత్వము అమ్ముకొన్నాడని ఆదివారము బడి పిల్లలయెదుట నవ్వుదుము. ఏశావు ఆకలిగొనియైనను ఉండెను! ఇచ్చినవాడు ఆ సొమ్ము ధర్మము చేయలేదు, పెట్టుబడి పెట్టెను. కాలువ బిల్లులోను, ఇంటి ప్లానులోను, కుళాయి కనెక్షనులోను దానిని వడ్డీతో రాబట్టుకొనును. ఆ వడ్డీ కట్టువాడవు నీవే.

"డబ్బు తీసికొని మన యిష్టమైనవానికి వేసిన పోలేదా" అని తెలివిగల సలహా చెప్పువారున్నారు. ఈ సలహా పట్టణములో చెల్లునేమో గాని మన పల్లెజనముతో చెల్లదు. తిన్న ఉప్పు అను మాట వారిని కట్టివేయును. అది ఎరిగియే కొందరు బైబిలు మీద చేయి వేయించి ప్రమాణము తీసికొందురు. ప్రమాణమునకు జడిసి యోహాను తల తెగవేయించిన హేరోదును తలంచుకొనుము. చేయరాని పనికి చేసిన ప్రమాణము మనుష్యుని బంధింపదు. నీవెవనికి వేసితివో చీటీ మడచినప్పుడు నీకే తెలియును, వానికి తెలియదు. అయినను చేయి చాపకపోవుటయే మేలు. చట్టములోను ఇచ్చినవాడు, పుచ్చుకొన్నవాడు ఇద్దరును నేరస్థులే. 2024 జూలైనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత ప్రకారము ఏడాది వరకు ఖైదు గాని, జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును.

బియ్యము లేక ఆ నోటు పుచ్చుకొన్న విధవరాలిని నేను గద్దించుట లేదు. నేను గద్దించునది మనలోని పెద్దలను. సంఘము మొత్తమును లెక్కగట్టి, "మావి మున్నూరు ఓట్లున్నవి" అని అభ్యర్థి ఇంటికి పోవు పెద్దలను. మైకు సెట్టు, తివాచీలు, ప్రహరీగోడకు సిమెంటు బస్తాలు పుచ్చుకొని వచ్చుదురు. ఆ వారమే అభ్యర్థి దండతో మందిరములోనికి వచ్చును, వేదికమీద కుర్చీ వేయుదురు. మామిడితోట గంపగుత్తకు ఇచ్చినట్లు మనుష్యుల మనస్సాక్షిని గుత్తకిచ్చు అధికారము వీరికెవరిచ్చిరి? ఆ గోడకు వాడిన సిమెంటులో ఒక దాసి ఓటు, ఒక కూలివాని ఓటు, వారి నడుగకయే కలిసిపోయినవి. కొందరు కాపరులు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఫలానావానికి వేయనియెడల దేవుని కోపము వచ్చునని చెప్పుదురట. దైవాగ్రహము చూపి ఓటరును బెదరించుట పై చట్టములోనే అక్రమ ప్రభావమను నేరముగా వ్రాయబడియున్నది. న్యాయశాస్త్రము చదివినవారికి తెలిసిన సంగతి వేదశాస్త్రము చదివినవారికి తెలియకపోవుట సిగ్గుచేటు.

"అయితే మందిరమునకు గోడ వద్దా?" అని ఒక పెద్దమనిషి నన్నడిగెను. చందా వేసికొని కట్టుకొందము, అంతవరకు కంచె చాలును. వీధికాలువ, కుళాయి, సమాధుల స్థలము అందరి హక్కులు గనుక వాటిని బహిరంగముగా, వార్డు జనమందరితో కలిసి, అభ్యర్థులందరిని ఒకే తీరున అడుగవచ్చును. అది బేరము కాదు. ఆడవారు కూడ అడుగవలెను. రెండు రాష్ట్రములలోను సగము స్థానములు స్త్రీలకే ప్రత్యేకింపబడినవి. భార్య గెలిచి భర్త కుర్చీలో కూర్చుండు వార్డులలోనైతే, ఆమెనే పేరు పెట్టి పిలిచి అడుగుడి.

ఒక సంగతి మరువవద్దు. వార్డు ఓటర్ల జాబితాను క్రొత్తగా వ్రాయరు. అసెంబ్లీ జాబితానే వార్డులవారీగా విడదీయుదురు. అందులో పేరు లేనివానికి ఇందులోను ఉండదు. కావున ఎన్నికలు ప్రకటించువరకు ఆగక ఇప్పుడే చూచికొనుము. పేరు లేనియెడల ఫారము 6 నింపి బూతు స్థాయి అధికారికి ఇమ్ము. దానికి రుసుము లేదు, ఎవరి సిఫారసు అక్కరలేదు. చదువురాని పొరుగువాని ఫారము కూడ నీవే నింపి పెట్టుము. ఎవరికి ఓటు వేయుదువని మాత్రము వానిని అడుగకుము.