అల్లుడిగారి కారుకి ఏ టైర్లు?

కాకినాడ నుంచి ఓ సోదరి రాశారు: "మా అమ్మాయి అమెరికాలో మిన్నియాపోలిస్‌లో ఉంటోంది. డిసెంబరులో పురుడు. నేను నవంబరులో బయల్దేరుతున్నాను. కారుకి ఉన్న ఆల్ సీజన్ టైర్లే చాలు, అనవసరంగా ఇంకో నాలుగు ఎందుకంటారు అల్లుడుగారు. చలికాలం టైర్లు వేయించాల్సిందేనని అమ్మాయి పట్టు. రోజూ ఇదే గొడవ. నాకు కారు సంగతులు తెలియవు. ఎవరి మాట సబబు?"

మీకు కారు తెలియకపోయినా వంటిల్లు తెలుసు కదండీ, అది చాలు. చలి పెరిగితే కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది. పక్కనే ఉన్న నువ్వులనూనె మాత్రం ధారగానే పడుతుంది. టైరు రబ్బరు సంగతీ అలాంటిదే. సుమారు 7 డిగ్రీల సెంటిగ్రేడు కంటే చలి పెరిగేకొద్దీ మామూలు టైరు రబ్బరు బిగుసుకుని రోడ్డుని పట్టుకునే గుణం కోల్పోతుంది. చలికాలం టైరుకి వాడే రబ్బరు వేరు. అది గడ్డకట్టే చలిలోనూ మెత్తగానే ఉంటుంది. పైగా దాని మీద సన్నని గీతలు దగ్గర దగ్గరగా కోసి ఉంటాయి. అవి మంచుని కరిచి పట్టుకుంటాయి.

పేరులో 'అన్ని కాలాలు' అని ఉంది కదా అంటారేమో. ఎండకీ, వానకీ, కొద్దిపాటి చలికీ ఆ టైర్లు బాగానే పనికొస్తాయి. మిన్నియాపోలిస్ చలి కొద్దిపాటిది కాదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సున్నా కంటే కిందకి పోయే రోజులే ఎక్కువ. అక్కడ చలికాలం టైర్లు వేయమని చట్టం బలవంతపెట్టదు. కెనడాలోని క్యుబెక్‌లో అయితే డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా తప్పనిసరి. చట్టం అడగకపోయినా చలి అడుగుతుంది కాబట్టి, ఈ విషయంలో మీ అమ్మాయి మాటే సబబు.

"మాది నాలుగు చక్రాలూ లాగే బండి, భయం లేదు" అని కొందరంటారు. ఆ బండి మంచులోంచి కదలడానికి సాయపడుతుంది, నిజమే. బ్రేకు నొక్కినప్పుడు ఆగడానికి మాత్రం టైర్ల పట్టే దిక్కు. నొప్పులు వచ్చిన అమ్మాయిని అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు కదలడం ఎంత ముఖ్యమో, ఎర్రదీపం దగ్గర ఆగడమూ అంతే ముఖ్యం.

ఇక ఖర్చు. నాలుగు టైర్లంటే వందల డాలర్లు. అల్లుడిగారి బాధా అర్థం చేసుకోదగ్గదే. అయితే ఒక జత వాడుతున్నన్నాళ్ళూ రెండో జత అరగదు. రెండూ ఎక్కువ కాలం వస్తాయి. పట్టుచీర, నేతచీర మార్చి మార్చి కట్టుకున్నట్టే. కాబట్టి డబ్బంతా దండగ కాదు. అసలైన అదనపు ఖర్చు ఏటా రెండుసార్లు మార్పించే కూలి, ఇంట్లో చోటు లేకపోతే దాచిపెట్టే అద్దె.

మరి అందరికీ ఇవే కావాలా? అక్కర్లేదు. మీ పిల్లలు డల్లాస్‌లోనో, హ్యూస్టన్‌లోనో ఉంటే ఆల్ సీజన్ టైర్లు చాలు. న్యూజెర్సీలా చలికాలంలో అప్పుడప్పుడూ మంచు పడే చోట మధ్యేమార్గం ఒకటుంది. దాన్ని 'ఆల్ వెదర్' టైరు అంటారు. ఏడాది పొడుగునా వాడుకోవచ్చు, మంచులోనూ బాగానే పట్టుకుంటుంది. పేర్లు దగ్గరగా ఉంటాయి, షాపులో తికమక పడకూడదు.

కొనేముందు చూసుకోవలసినవి:

* టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచురవ్వ ఉన్న బొమ్మ ఉండాలి. మంచు మీద పరీక్షకి నిలిచిన టైరుకే ఆ బొమ్మ వేస్తారు. 'ఎం ప్లస్ ఎస్' అనే అక్షరాలు మాత్రమే ఉంటే చాలదు.

* నాలుగూ ఒకేసారి మార్చాలి. రెండే మారిస్తే ముందు చక్రాలు ఒక దారి, వెనక చక్రాలు ఒక దారి అవుతాయి.

* తయారైన తేదీ చూడాలి. చివరి నాలుగంకెలు 3824 అని ఉంటే 2024లో 38వ వారం అని అర్థం. పాతబడిన రబ్బరు గట్టిపడుతుంది.

* గాడి లోతు 4 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మంచులో నమ్మకూడదు.

* సుమారు ప్రతి 5, 6 డిగ్రీల చలికీ టైరులో గాలి ఒక పౌండు తగ్గుతుంది. నెలకోసారి, బండి నడపకముందే కొలిపించాలి.

* మొదటి మంచు పడ్డాక షాపుల్లో రద్దీ. అక్టోబరులోనే వేయించుకోవడం మేలు. చలి తగ్గాక తీసేయాలి, ఎండల్లో ఆ మెత్తటి రబ్బరు త్వరగా అరిగిపోతుంది.

టైర్లు మంచివైనా వేగం తగ్గించక తప్పదు. రోడ్డు మీద నల్లగా, తడిగా కనిపించే పలచటి మంచుపొర దగ్గర ఏ టైరయినా జారుతుంది.

ఇంకొక్క మాట, ఇది అమ్మమ్మలకి. పసిబిడ్డని ఇంటికి తెచ్చేటప్పుడు చలని మందపాటి కోటు తొడిగి కారు సీటు బెల్టు పెట్టకండి. కోటు మందం వల్ల బెల్టు వదులైపోతుంది. పలచటి బట్టల మీదే బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పండి.

అల్లుడుగారితో వాదనకి దిగకండి. "బాబూ, ఆ కొండబొమ్మ మన టైర్ల మీద ఉందేమో చూడరూ" అని మెల్లగా అడగండి. లేదని ఆయనే చూసుకుంటే మిగతాది మీరు చెప్పనక్కర్లేదు. పురుడు సుఖంగా జరగాలని, పండంటి బిడ్డతో తల్లి క్షేమంగా ఇల్లు చేరాలని కోరుకుంటున్నాం.