గిటారు లోపలి తీగలు ఎవరు అతుకవలెను?

ఎలక్ట్రిక్ గిటారు నేడు మన విద్యార్థులకు క్రొత్త వస్తువు కాదు. అంగడిలో దొరకు వాద్యముతో తృప్తి చెందక, తమ చేతికి తగిన కొలతలిచ్చి ప్రత్యేకముగా చేయించుకొనువారును కొందఱు కలరు. కొయ్య యేది, మెడ వెడల్పెంత, రంగేమి అని వారు నెలల తరబడి ఆలోచింతురు. వాల్యూము నాబు, టోను నాబు మాట వచ్చునప్పటికి మాత్రము, అది ఎలక్ట్రీషియను పని యని చేతులు దులుపుకొందురు. ఈ యలవాటు మంచిది కాదని మా అభిప్రాయము. గిటారు చేయించుకొన్న విద్యార్థి దాని లోపలి తీగలను ఉపాధ్యాయుని యెదుట తానే అతుకవలెను; అతుకుటకు ముందు ఏ తీగ యెందులకున్నదో తెలిసికొనవలెను. ఏలయనగా ఆ చిన్న గూటిలో మూడు విషయములు ఇమిడియున్నవి: వాద్యము యొక్క నాదము, తల్లిదండ్రుల ధనము, వాయించువాని ప్రాణము.

మొదట నాదమును గూర్చి విచారింతము. జార్జి బీచం అను నాతడు రూపొందించిన ఎలక్ట్రిక్ గిటారును రికెన్‌బాకర్ సంస్థవారు 1932లో అమెరికా విపణికి పంపిరి. అటుపిమ్మట 1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్ గిటారునకు రెండు పికప్పులు, వానికి రెండు వాల్యూము నాబులు, రెండు టోను నాబులు ఉండెను. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌నకు మూడు పికప్పులున్నను వాల్యూము నాబు ఒక్కటియే. టోను నాబులు రెండు. వంతెన కడనున్న పికప్పునకు అందు టోను నాబే లేదు. పేరుపొందిన యీ రెండు సంస్థలును ఒక దారిని నడువలేదు గదా! కావున ఈ విషయమున మార్పరాని శాసన మేదియు లేదు. ఎవరి వాద్యమునకు ఏది తగునో వారే నిర్ణయించుకొనవలెను. మన దేశమున దీనికి మంచి నిదర్శనము కలదు. 1969లో పాలకొల్లున జన్మించి, 1978లో గుడివాడలో తొలి కచేరి చేసిన మాండొలిన్ శ్రీనివాస్ గారు, జంట తీగల మాండొలినును విడిచి ఐదు ఒంటి తీగలు గల ఎలక్ట్రిక్ మాండొలినును చేపట్టి, దానిపై కర్ణాటక సంగీతమును పలికించిరి. వాద్యము తన సంగీతమునకు లోబడవలెను గాని, తన సంగీతము వాద్యమునకు లోబడరాదని వారి సాధన మనకు తెలుపుచున్నది.

ఇక నాబుల పని యెట్టిదో చూతము. పికప్ అనగా అయస్కాంతముల చుట్టు సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన చుట్ట. ఉక్కు తీగ కంపించినపుడు అయస్కాంత క్షేత్రము చలించి, చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఫారడే పండితుడు 1831లో కనుగొన్న ధర్మమే యిది. మన భౌతికశాస్త్ర పుస్తకములలో ఉన్నదే. ఆ విద్యుత్తు మొదట వాల్యూము పొటెన్షియోమీటరును చేరును. దానికి మూడు కాళ్లు. ఒక కాలికి పికప్ తీగ, మూడవ కాలికి ఎర్తు తీగ, నడిమి కాలికి బయటకు పోవు తీగ అతుకుదురు. నాబు త్రిప్పగా నడిమి కాలు ఆ రెంటి మధ్య జరుగుచు, వచ్చిన విద్యుత్తులో ఎంత భాగము బయటకు పోవలెనో పంచిపెట్టును. ఒంటి చుట్ట పికప్పులకు సాధారణముగా 2,50,000 ఓములు, జంట చుట్ట పికప్పులకు 5,00,000 ఓములు గల పొటెన్షియోమీటరును వాడుదురు. ఓములు తగ్గినకొలది చుట్టపై భారము పెరిగి నాదము మెత్తబడును, హెచ్చినకొలది పదునెక్కును.

టోను నాబు వెనుక ఒక పొటెన్షియోమీటరును, ఒక కెపాసిటరును ఉండును. కెపాసిటరు మంద్ర కంపనములకు అడ్డు నిలిచి, తార కంపనములకు దారి యిచ్చును. 0.022 మైక్రోఫారడు కెపాసిటరు సెకనుకు 100 కంపనముల స్వరమునకు సుమారు 72,000 ఓముల అడ్డంకి. 5,000 కంపనములకు సుమారు 1,450 ఓములు మాత్రమే. కావున నాబును తగ్గించినపుడు తారస్వరములు ఎర్తునకు జారిపోయి, మంద్రస్వరములు మిగులును. టోను నాబు నాదమునకు క్రొత్తగా చేర్చున దేదియు లేదు. ఉన్నదానిలో కొంత తీసివేయును. ఈ యొక్క సంగతి తెలిసినవాడు అంగడివాని మాటలకు అంత తేలికగా మోసపోడు.

ఇచ్చటనే తల్లిదండ్రుల ధనము ప్రసక్తికి వచ్చుచున్నది. పాత కాలపు నూనె కాగితపు కెపాసిటరులని, వాని నాదమే వేఱని చెప్పి, కొన్ని రూపాయలలో దొరకు వస్తువునకు మాఱుగా వందలు, వేలు పలుకు వస్తువులను బాలురకు అంటగట్టువారు కలరు. ఒకే విలువ గల రెండు కెపాసిటరులలో ఒకటి వెల హెచ్చైనందున దాని నాదము తీయనగునని మేము నమ్మజాలము. గిటారులోని విద్యుత్తు మిక్కిలి స్వల్పము. అచ్చట లెక్కకు వచ్చునది కెపాసిటరు విలువయే. 0.022కు మాఱుగా 0.047 పెట్టినచో ఎవరికైనను భేదము వినబడును. అట్లు గాక విలువ సమానముగా నుండగా భేదము వినబడినదని యెవరైనను వాదించినచో, దానికి తగవు తీర్చు ఉపాయము సులభము. ఒకడు తెర చాటున నుండి కెపాసిటరులను మార్చుచు వాయింపవలెను. వినువారు ఏది యేదో కాగితముపై వ్రాయవలెను. ఇరువది పర్యాయములు ఇట్లు చేసి లెక్క చూచినచో, చెవి యెంతవఱకు నిజము చెప్పెనో, ధరను చూచిన కన్ను ఎంతవఱకు చెప్పించెనో తేటపడును. పొటెన్షియోమీటరులను గూర్చియు ఇదే మాట. 2,50,000 అని పైన వ్రాసియున్నను, నూటికి 20 పాళ్లు అటునిటు ఉండుట సామాన్యము. అనగా 2,00,000 కావచ్చును, 3,00,000 కావచ్చును. మల్టీమీటరుతో కొలిచి యెన్నుకొన్నవానికి, ఖరీదైన పేరు కంటె ఆ కొలతయే యెక్కువ మేలు చేయును.

గిటారు చేసిన నిపుణుడే తీగలను కూడ అతికి యిచ్చును గదా, బాలునికి ఈ శ్రమ యేల అని కొందఱు తల్లిదండ్రులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. దీనికి మా సమాధానము: నిపుణుని చేయి బాలుని చేయి కంటె నేర్పుగలదే, కాని ఆ బాలుడు ఎట్లు వాయించునో నిపుణునికి తెలియదు. ఒక దృష్టాంతము చెప్పెదము. వాల్యూమును తగ్గించినపుడు నాదము చిన్నదగుటయే గాక మొద్దుబారుట పెక్కుమంది గమనించియుందురు. గిటారు నుండి యాంప్లిఫైయరునకు పోవు కేబులు తానే ఒక కెపాసిటరు వంటిది. మీటరునకు 100 పికోఫారడుల వంతున ఐదు మీటరుల కేబులు 500 పికోఫారడులగును. 5,00,000 ఓముల పొటెన్షియోమీటరును సరిగా సగమునకు తగ్గించినపుడు, నడిమి కాలి వెనుక సుమారు 1,25,000 ఓములు నిలుచును. ఆ రెండును కలిసి, సెకనుకు సుమారు 2,500 కంపనములకు పైనున్న స్వరాంశములను క్రమముగా అణచివేయును.

దీనికి మందు లేకపోలేదు. వాల్యూము నాబు మొదటి కాలికిని నడిమి కాలికిని నడుమ 0.001 మైక్రోఫారడు కెపాసిటరును, దాని ప్రక్కనే 1,50,000 ఓముల రెసిస్టరును అతికినచో, తారస్వరములకు ప్రక్కదారి దొరకును. లేదా, టోను తీగను మొదటి కాలికి గాక నడిమి కాలికి అతుకవచ్చును; ఇది 1950 ప్రాంతముల గిటారులలోని పద్ధతి. కాని ఎల్లప్పుడు నాబును నిండుగా త్రిప్పి వాయించువానికి ఈ రెండును అనవసరము. పాటకు ప్రక్కవాద్యముగా వాయించుచు, గాత్రము వచ్చినపుడు తగ్గించి, గాత్రము ఆగినపుడు హెచ్చించువానికి ఇవి ప్రాణతుల్యములు. అట్లే పొటెన్షియోమీటరులలో లాగరిథమిక్ రకము, లీనియర్ రకము అని రెండు కలవు. మన చెవి ధ్వనిని కొలుచు తీరు లాగరిథము తీరు గనుక, వాల్యూమునకు మొదటి రకమును వాడుట వాడుక. ఐనను త్వరగా తగ్గింపగోరువాడు వేఱు విధముగా కోరవచ్చును. వీనిని నిర్ణయింపదగినవాడు వాయించువాడు తప్ప మఱెవ్వరు? కొలతలిచ్చి చేయించుకొన్న చొక్కాకు, బొత్తాములు మాత్రము ఎవరికో కుట్టినవి తగిలించుకొందుమా?

అయితే తెలిసినదంతయు ఒక్క గిటారులోనే దూర్పవలెనని కొందఱు బాలురు ఉబలాటపడుదురు. నాలుగు నాబులు, ఆఱు స్విచ్చులు పెట్టి, కచేరి నడుమ ఏది యెందులకో మఱచి తడుముకొందురు. ఇది మాకు సమ్మతము కాదు. మొదటి గిటారునకు ఒక వాల్యూము, ఒక టోను చాలును. ఆ రెంటిని పూర్తిగా పలికింప నేర్చిన పిదప మూడవదాని అవసరము నిజముగా ఉన్నదో లేదో తానే తెలియును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణము. గిటారు తీగలకు చేయి తగిలినంతనే మెయిన్సు హోరు తగ్గుట మీరు వినియుందురు. వంతెన నుండి ఎర్తునకు ఒక తీగ అతికియుండుటయే దానికి కారణము. ఆ తీగ వాయించువాని దేహమును యాంప్లిఫైయరు లోహపు పెట్టెతో కలుపుచున్నదని మఱువరాదు. యాంప్లిఫైయరు చెడి, గోడలోని ఎర్తు లేకున్నచో, హోరును తగ్గించిన ఆ తీగయే మృత్యువునకు దారి కాగలదు. 1972లో బ్రిటనులోని స్వాన్సీ నగరమున లెస్ హార్వే అను గిటారు వాద్యకుడు ఎర్తు సరిగా లేని మైక్రోఫోనును తాకి వేదికపైననే మరణించెను. కావున మూడు కాళ్ల ప్లగ్గును రెండు కాళ్లదానిగా మార్చి తగిలించుట, ఎంత తొందరలోనైనను, మహాపరాధమని మా విద్యార్థులు గ్రహింపవలెను. వాయించు సభామందిరమున ఎర్తును లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచే పరీక్ష చేయించుట పెద్దల విధి. గిటారు లోపల ప్రమాదకరమైన విద్యుత్తు లేదు. దానిని విద్యార్థి నిర్భయముగా విప్పవచ్చును. యాంప్లిఫైయరును మాత్రము విప్పరాదు. ప్లగ్గు తీసివేసిన పిదపను దాని లోపలి కెపాసిటరులలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. ఈ భేదమును తెలిసినవాడే తీగలను చేతబట్టుటకు అర్హుడు.

పనికి కావలసిన పరికరములు కొద్ది: ఒక సోల్డరింగు ఐరను, రోజనము గల టంకము, ఒక మల్టీమీటరు, తీగ నొలుచు శ్రావణము. మొదట పాత తీగముక్కలపై అభ్యసింపవలెను. కిటికీలు తెఱచి యుంచి పని చేయవలెను. పొటెన్షియోమీటరు వీపును గీకి శుభ్రపఱచి అతికినచో టంకము త్వరగా పట్టును. ఎక్కువసేపు కాల్చినచో లోపలి పట్టీ చెడును. పని ముగిసిన పిదప కేబులు తగిలించి, పికప్పును స్క్రూడ్రైవరు మొనతో మెల్లగా తట్టినచో, పలుకుచున్నదో లేదో తెలియును. ఇది బాలుర పని యని బాలికలను దూరముగా నుంచుట తగదు. సూదిలో దారమెక్కింపగల చేతికి ఈ పని కొత్త కాదు. ఆ చేయి ఎవరిదైనను సరే.

కావున పాఠశాలవారికి మా విన్నపము: భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక బల్లను, ఏడాదికి కొన్ని శనివారములను దీనికి కేటాయింపుడు. సంగీతోపాధ్యాయులును భౌతికశాస్త్రోపాధ్యాయులును ఆ బల్ల కడ కలిసి కూర్చుండుదురు గాక. తల్లిదండ్రులారా, ఖరీదైన కెపాసిటరు కొనుటకు మాఱుగా మీ పిల్లలకు ఒక మల్టీమీటరును కొనియిండు. విద్యార్థులారా, మీరు అతికిన తీగల పటమును చిన్న కాగితముపై గీసి, ఓములను, ఫారడులను, తేదీని వ్రాసి, గిటారు వెనుక మూతలోపల అంటింపుడు. పదేండ్ల పిదప ఆ మూతను విప్పువాడు మీరైనను, మఱొకరైనను, ఆ కాగితమును చూచి సంతోషించును.