కాండీ రాజగృహమున రాణివాసము



లంక యనగానే మనకు రావణుడును, అశోకవనమున శోకించిన సీతమ్మయు జ్ఞప్తికి వత్తురు. మేము చూచివచ్చిన లంక పురాణమునందలిది గాదు, రెండువందల యేండ్లనాటి చరిత్రమునందలిది. దానితో తెలుగువారికి చుట్టరికము కూడ కలదు.

కొలంబోలో ఉదయపు రైలెక్కినచో మూడు గంటలలో కాండీ చేరి, చూడదగినవి చూచి, సాయంకాలపు బండికి మరలి రావచ్చును. దూరము సుమారు 75 మైళ్లు. ఈ యినుపదారి 1867లో కాండీకి చేరినది. వరిమళ్లు దాటిన పిమ్మట బండి కొండలెక్కును. ఒక ప్రక్క రాతిగోడ, వేరొక ప్రక్క లోతైన లోయ. పోర్చుగీసువారును, ఒలందులును తీరమెల్ల ఆక్రమించియు ఈ కొండల రాజ్యమును లోబరచుకొనజాలకపోయిన హేతువు ఆ దారి చూడగనే బోధపడును.

ఊరి నడుమ చెరువు, దాని యొడ్డున బుద్ధుని దంతధాతువు నుంచిన ఆలయము, ఆలయమును ఆనుకొని రాజగృహములు. చెరువు త్రవ్వించినవాడును, ఆలయపు ముందటి అష్టకోణ మంటపము కట్టించినవాడును కడపటి రాజగు శ్రీవిక్రమ రాజసింహుడే. యాత్రికులు పెక్కండ్రు ధాతుదర్శనము చేసికొని మరలిపోవుదురు. మేము మాత్రము రాణివాసము చూడక కదలరాదని నిశ్చయించుకొంటిమి. దానిని పల్లె వాహల యందురు. నేడది జాతీయ ప్రదర్శనశాల. పెంకుల కప్పు, దళసరి గోడలు, నడుమ ఆకాశము కానవచ్చు ముంగిలి, చుట్టును గదులు. మన మండువా లోగిలిలో అడుగిడినట్లే యుండెను.

ఆ లోగిలికి మనవారు వచ్చిన విధము వినదగినది. కాండీ రాజునకు పట్టమహిషి క్షత్రియకన్యయై యుండవలెనని ఆచారము. స్వదేశపు ప్రభువుల యిండ్ల సంబంధము అందుకు చాలదని, సముద్రము దాటి మధుర నాయకుల బంధువర్గమునుండి పిల్లను తెచ్చుకొనుచుండిరి. ఆ నాయకులు తెలుగు మూలమువారు. 1739లో వీర నరేంద్రసింహుడు వారసుడు లేక గతింపగా, రాణి సోదరుడు శ్రీవిజయ రాజసింహుడను పేర రాజయ్యెను. అతనికి పిమ్మట వచ్చిన కీర్తిశ్రీ రాజసింహుడును రాణి సోదరుడే. కత్తి దూయకుండ, కోట ముట్టడింపకుండ, ఆడుపడుచు పసుపుకుంకుమల వెంట రాజ్యము పుట్టింటివారికి చేరినది. ఇట్లు నలుగురు రాజులు 76 ఏండ్లు ఏలిరి. కీర్తిశ్రీ కాలముననే, 1753లో, సయాము నుండి భిక్షువులను రావించి లంకలో అంతరించిన ఉపసంపదను పునరుద్ధరించిరి. అన్యదేశపు బిడ్డలు ఆ దేశపు ధర్మమునకు చేసిన సేవ యిది.

ఇంతవరకు వినుటకు సొంపుగనే యున్నది. మాకు తోడుగ వచ్చిన సింహళ యువతి యెదుటి దేవాలయములను చూపి వేరొక కథ చెప్పినది. 1814లో ఎహెలేపొల యను మంత్రి రాజుపై తిరుగబడి ఇంగ్లీషువారి చెంతకు పోయెను. ఆగ్రహించిన శ్రీవిక్రముడు ఆతని భార్యాబిడ్డలకు మరణశిక్ష విధించెను. పెద్దకొమరుడు జడిసి తల్లి చాటున దాగగా, చిన్నవాడు మద్దుమ బండార తానే ముందునకు వచ్చి మెడ నొగ్గెనట. చంటిబిడ్డను కన్నతల్లిచేతనే రోకట దంపించిరని నేటికిని అచ్చటివారు చెప్పుకొందురు. పిదప ఆ కుమారిహామిని బొగంబర చెరువున ముంచిరి.

కథ ముగించి ఆ యువతి, "ఆ రాజు మీవారే గదా!" యనెను. ఔను, మావారే యంటిమి. భిక్షువులను రావించినవానిని మావాడని చెప్పుకొన్న నోటితోనే, బిడ్డలను చంపించినవానిని గూడ మావాడని యొప్పుకొనవలెను. మంచికి మాత్రమే చుట్టరికము కలుపుకొనుట ధర్మము గాదు.

మరుసటి ఫిబ్రవరిలో రాజు పట్టుబడెను. చెక్కిన కొయ్యస్తంభముల మగుల్ మడువ యను కొలువుకూటమున 1815 మార్చి 2న సింహళ ప్రభువులు రాజ్యమును ఇంగ్లీషువారికి ఒప్పగించిరి. 1816లో రాజును, రాణులను ఓడనెక్కించి మదరాసునకు, అటనుండి వేలూరు కోటకు పంపిరి. పల్లకిలో వధువులై సాగనంపబడిన యింటి బిడ్డలు పుట్టిన దేశమునకు మరల వచ్చినది బందీలైనప్పుడే. కుమారిహామి మంత్రాంగము నెరపలేదు. రాణులు మరణశిక్ష విధింపలేదు. అయినను మగవారి వైరమునకు ఇరుప్రక్కల ఆడువారే మూల్యము చెల్లించిరి. కొలువుకూటమున రాజ్యము చేతులు మారిన కథయే వినవచ్చును. ఈ కథ వినవలెనన్న రాణివాసమునకే పోవలెను.

పోదలచినవారు ఆలయప్రవేశమునకు తగినట్లు తెల్లని, నిండైన వస్త్రములు ధరింపుడు. పాదరక్షలు వెలుపల విడువవలెను. కాండీ సింహాసనమును ఇంగ్లీషువారు తమ దేశమునకు కొనిపోయి 1934లో తిరిగి యిచ్చిరి. అది కొలంబో ప్రదర్శనశాలలో నున్నది. లంకకు పోవ వీలులేనివారు, వేలూరు పోయినపుడు పాలారు తీరమున, 1832లో చెరయందే గతించిన ఆ రాజు సమాధిని చూడవచ్చును. అచ్చట మీ పిల్లలకు రాజు కథతోపాటు మద్దుమ బండార కథయు చెప్పుడు.